‘ప’కీ ‘వ’కీ మధ్య నేను

ఆంధ్ర రాష్ట్రం రాకముందు, ఉదయగిరి బడిలో నేను మూడో తరగతి చదివాను. చదివాను అనడం మర్యాదకే. నా ముందు అక్షరాలు నిలిచేవి కావు. ‘ప’, ‘వ’ ఒకటిగా కనిపించేవి. ‘మ’ను చూసి ‘య’ అనేదాన్ని. పలక మీద ‘పంట’ అని ఉంటే ‘వంట’ అని చదివి, ఆకలి తెచ్చుకునేదాన్ని.

అయినా తరగతిలో నాకు మంచి పేరే ఉండేది. సాయంత్రం మా అక్క నూనె దీపం ముందు కూర్చుని పాఠం చదివి వినిపిస్తే మొత్తం బట్టీ పట్టేసేదాన్ని. మర్నాడు పుస్తకం తెరిచి, వరసల కింద వేలు కదుపుతూ గడగడా ఒప్పజెప్పేదాన్ని. ఆ వేలు కదపడంలో నా అంత నేర్పరి తాలూకాలోనే లేదని నా నమ్మకం.

ఒకరోజు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చారు. అయ్యవారు గర్వంగా నన్నే లేపారు. పాఠం ఒంటె గురించి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

“ఒంటె ఎడారిలో నివసించును. దాని వీపుపై... ఉండవే, ఒత్తి ఎగదోసి వస్తా... దాని వీపుపై మూపురము ఉండును. ఒంటె చాలా దినములు నీరు త్రాగక ఉండగలదు. అమ్మా, దీనికి చదివి చదివి నా గొంతు ఎండిపోతా ఉండాది!”

పిల్లలు గొల్లుమన్నారు. ఒంటెను తలుచుకుని నవ్వుతున్నారనుకుని నేను ఇంకా గట్టిగా అందుకున్నాను. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, “పాపా, ఒత్తి ఎగదోసింది ఏ వరసలో ఉందో చూపించు” అన్నారు. నేను ఏమాత్రం తడుముకోకుండా ఒక వరస మీద వేలు పెట్టాను.

ఆ సాయంత్రం అయ్యవారు మా ఇంటికి వచ్చి, “దీనికి చదువు తలకెక్కదయ్యా, ఇంటి పని నేర్పించుకోండి” అని చెప్పిపోయారు. నాయన మాత్రం అమ్మతో, “పాఠమంతా, అక్క గొణిగిందాంతో సహా గుర్తుపెట్టుకునింది. తల లేకుండానే పెట్టుకునిందా?” అన్నారు. వేసవి సెలవులు రాగానే నన్ను బస్సెక్కించి ఆత్మకూరు తీసుకుపోయారు. అక్కడ మా మేనత్త ఆడపిల్లల బడిలో టీచరు.

అత్త పుస్తకమే తియ్యలేదు. మురుకుల పిండి కలిపి, తాళ్లలా పేని, పీట మీద అరచేతంత అక్షరాలు చేసింది. నా కళ్లకు గుడ్డ కట్టింది.

“తడిమి చూడు మే. తలకట్టు ఒంటిని అంటుకోనుండాదా, విడిగా ఉండాదా?”

“విడిగా ఉండాది అత్తా.”

“అయితే ‘ప’. అంటుకోనుంటే ‘వ’. కళ్లకు తెలీకపోతే వేళ్లనడుగు.”

సరిగ్గా చెప్పిన అక్షరాన్ని నూనెలో వేయించి నాకే పెట్టేది. తప్పినదాన్ని మళ్లీ ముద్ద చేసేది. తేలికగా తెలిసే ‘ర’, ‘గ’లే చేయమని బతిమాలేదాన్ని కానీ అత్త దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. ఆ ఎండాకాలం నాకు చదువుకంటే ముందు ఒళ్లు వచ్చింది. తరవాత అట్టముక్కకు చిన్న కిటికీ కోసి, పుస్తకం మీద ఒక్కో మాటే కనిపించేలా జరిపేది. మాటలు గుంపుగా మీద పడకపోయేసరికి నాకు భయం తగ్గింది.

సెలవుల చివర్లో ఇద్దరం అంగడికి పోతున్నాం. ఒక ఆఫీసు గోడ మీద పెద్ద నల్లటి అక్షరాలు. ఆగి, గాలిలో వేలితో రాసుకుంటూ, కూడబలుక్కుని, సంతోషం పట్టలేక వీధంతా వినబడేలా అరిచాను.

“ఇచ్చట మూత్రము పోయరాదు!”

గోడవైపు తిరిగి నిలబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉలిక్కిపడి, పంచె సర్దుకుంటూ పరుగందుకున్నాడు. జన్మలో నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం అదే.

“అత్తా, చదివినాను!”

“చదివినావు మే, ఊరంతటికీ చదివినావు. పద, పద” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లాక్కుపోయింది. సందు తిరిగాక చూస్తే ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నవ్వితే వచ్చినవో కాదో నేను అడగలేదు.

బడి తెరిచాక అయ్యవారు నన్ను మళ్లీ లేపి, కొత్త పాఠం చదవమన్నారు. ఒక్కో మాటా పట్టుకుని బయల్దేరాను. రెండు పేరాలు దాటేసరికి సగం మంది పిల్లలు కునికిపాట్లు పడుతున్నారు. ఇంటి గంట కూడా కొట్టేశారు. అయ్యవారు మాత్రం కుర్చీలో కూర్చోకుండా, చివరి మాట దాకా నిలబడే విన్నారు.