మా చిన్నమ్మకు మళ్ళీ వచ్చిన పురుడు

నా చిన్నప్పుడు ఎర్రబోరు అనే ఊరి దగ్గర మా పల్లెలో పురుడంటే మగవాళ్ళకు మహా భయం. పురుడు కడిగేదాకా బాలింత గదిలో అడుగు పెట్టేవారు కాదు, ఆమె చేతి కూడు తినేవారు కాదు. ఆ మైల అంటినవాణ్ణి దేవత జాతరకు రానిచ్చేవారు కాదు. పురుడు ఎప్పుడు కడగాలో చెప్పేది ఇంటి పెద్దావిడ. మా ఇంట్లో ఆ పెద్దరికం మా నాయనమ్మది.

చిన్నమ్మకు పురుడు కడిగి కొన్నాళ్ళయింది. దోర్నపాల్ బజారులో ఇప్పసారా తాగి వచ్చాడు మా చిన్నాయన. చిన్నమ్మ పిల్లకు పాలిస్తూ కూడు వడ్డించడం ఆలస్యం చేసిందట, జుట్టు పట్టి ఈడ్చాడు. పిల్ల ఇంకా రొమ్ము వదల్లేదు. ఆమె పిల్ల మీదికి వంగితే వీపు మీద తన్నాడు, తల ఎత్తితే మొహాన కొట్టాడు. పెదవి చీలి, నెత్తురు పిల్ల నుదుటి మీద పడింది. అది నేను కళ్ళారా చూశాను. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మర్నాడు చిన్నమ్మకు పాలు పడలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఎవరో చేతబడి చేశారు, మంత్రగాణ్ణి పిలవమన్నాడు చిన్నాయన.

నాయనమ్మ పోయి కోడలి గది గడప మీద అడ్డంగా కూర్చుంది.

"మంత్రం ఎందుకురా? నీ దెబ్బలకే పాలు ఎండినయ్. పాలిచ్చేదాని నెత్తురు నేల పడ్డది. ఇది మళ్ళ పురుడే. లోపలికి రాకు."

"ఇదేం ఆచారమే? ఎన్నడన్న విన్నమా?"

"ఇయ్యాల వింటున్నవ్ గదా. గడప దాటితే, నువ్వు మైలల ఉన్నవని ఊరంత నేనే చెప్త. జాతరకు ఎట్ల పోతవో చూస్త."

వాడు కన్నతల్లి మీదికే చెయ్యెత్తాడు. ఆమె కదల్లేదు. అప్పటికే వాకిట్లో చేరిన పక్కిళ్ళ ఆడవాళ్ళు, అవును, పురుడేనని వంత పాడారు. వాడు చెయ్యి దించాడు.

ఆ రోజు నుంచి వాకిట్లో తనే వండుకుని మాడిన కూడు తిన్నాడు. గదిలో చిన్నమ్మ భయం లేకుండా నిద్రపోయింది. మెల్లగా పాలు దిగాయి. పిల్ల గుటకలు వేస్తుంటే నాయనమ్మ బావురుమంది. చిన్నాయన మారాడని చెబితే అబద్ధం. అందుకే పిల్ల పాలు మానేదాకా నాయనమ్మ ఆ పురుడు కడగనే లేదు.

నాకూ కొడుకులున్నారు. పాలిస్తున్న కోడలి మీద మా పెద్దవాడు చెయ్యెత్తిన పొద్దున, నేను వాడి తల్లినని ఒక్క క్షణం కూడా అనుకోలేదు, పోయి కోడలి గది గడప మీద అడ్డంగా కూర్చున్నాను.