పడుకున్న మిరపకాయ

ఆ రోజుల్లో గుంటూరులో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. (చర్చిలో కూడా నేనంత ఒద్దికగా కూర్చున్న గుర్తు లేదు.) ఎరువుల కొట్టు మేడ మీద ఏసీ గది, అందులో ఒక్కటంటే ఒక్క మిషను. ఆ శిక్షణ కేంద్రం యజమానిని చాటుగా ఫ్లాపీ మాస్టారు అనేవాళ్ళం. నేను కొత్తగా చేరిన పంతులమ్మని. డిగ్రీతో పాటు పొగరూ దండిగానే ఉండేది. బళ్ళో మాస్టారైన మా నాన్నకు మాత్రం ఈ ఉద్యోగం మీద నమ్మకం లేదు. "ప్రారంభోత్సవం దాకా చూస్తానమ్మా. పిల్లలు చేరకపోతే బుద్ధిగా బీఎడ్ చదువు" అన్నారు. బీఎడ్ మాటెత్తితే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

ప్రారంభోత్సవానికి మిర్చి యార్డు పెద్దాయన వస్తున్నారు. ఆయన మీట నొక్కగానే తెర మీద తొడిమ పైకి, కొస కిందికి పెట్టి మిరపకాయ నిలబడాలి. (మా తెరకు ఆకుపచ్చ తప్ప వేరే రంగు రాదు కనక పచ్చికాయే.) ప్రోగ్రాము నేను పాస్కల్ అనే కంప్యూటరు భాషలో రాశాను. గీతలు గీసే లైబ్రరీ, అంటే అరువు తెచ్చుకున్న రెడీమేడ్ ప్రోగ్రాము, ఎవరో సీ అనే ఇంకో భాషలో రాసింది. ఆ రెంటికీ కాపురం కుదర్చడం నా పని. "ఈ పేరు గలవారు ఇక్కడ లేరు" అన్నట్టుగా మిషను రోజుల తరబడి మొండికేసింది. తీరా ఓ శనివారం తప్పులేవీ లేవంది. ఎగిరి గంతేసి నడిపించి చూద్దును కదా, కాయ అడ్డంగా పడుకుని ఉంది! అడ్డం కొలత ముందు, నిలువు కొలత తర్వాత, అంకెలన్నీ సరిగ్గానే ఇచ్చాను మరి. "ఇదేందమ్మా, భోంచేసి నడుం వాల్చినట్టుంది?" అన్నారు ఫ్లాపీ మాస్టారు నీరసంగా. ఏడుపొక్కటే తక్కువ నాకు.

మర్నాడు చర్చిలో ప్రేమవిందు. పెరుగు బకెట్టు పట్టుకుని పరధ్యానంగా వడ్డిస్తున్నాను. మా మేనత్త కేకేసింది: "ఏమే, మతుండే చేస్తున్నావా? పప్పు ఈ చివర్నుంచి వస్తుంటే నువ్వు పెరుగు ఆ చివర్నుంచి మొదలెట్టావేం? వాళ్ళకింకా పప్పే పడలా!"

అక్కడే నిలబడిపోయాను. పాస్కల్ అంకెల్ని మొదటి నుంచి వడ్డిస్తుంది. సీ చివరి నుంచి వడ్డించమంటుంది. అంటే నా అడ్డం దానికి నిలువైంది, నిలువు అడ్డమైంది! "అత్తా, నువ్వు చల్లగా ఉండాలి!" అని బకెట్టు ఆవిడ చేతికిచ్చి పరుగో పరుగు. మేడ మెట్లెక్కాక చూసుకుంటే గరిటె నా చేతిలోనే ఉంది. అంకెల్ని తిరగేసి ఇచ్చాను. కాయ నిటారుగా లేచి నిలబడింది! నేనూ గరిటే కలిసి గదంతా గెంతాం.

సోమవారం జనమొచ్చారు, నాన్నా వచ్చారు. తెర మీద పట్టుశాలువా కప్పి ఉంది. "దిగులుపడకమ్మా, నేను చూసుకున్నాలే" అని మాస్టారు గుసగుసలాడారు. ధైర్యం చెప్తున్నారు కాబోలనుకున్నాను. పెద్దాయన శాలువా తీశారు, మీట నొక్కారు. కాయ మళ్ళీ పడుకుంది!

నేను సరిచేసిన సంగతి తెలియని మహానుభావుడు, పడుకున్న కాయ నిలబడుతుందని తెల్లారే వచ్చి తెరనే పక్కకు పడుకోబెట్టి, ఇటుకలు ఆనించారు! నాన్న నా వైపు చూడకుండా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఇక బీఎడ్డే గతి అనుకున్నాను.

పెద్దాయన వంగి చూసి పకపకా నవ్వారు. "కళ్ళంలో ఎండబోసిన కాయ పడుకోక నిలబడుద్దా ఏంది? అచ్చం మన కాయే! పచ్చిగా ఉందంటావా, ఎండితే రంగదే వస్తుందిలే. అమ్మాయ్, మా పిల్లని రేపే పంపుతా, నేర్పిస్తావుగా?"

ఆయన పంపితే యార్డులో మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఆ వారమే బెంచీలు చాల్లేదు. నాన్న మళ్ళీ బీఎడ్ ఊసెత్తలేదు. మేనత్త మాత్రం కనపడినప్పుడల్లా గరిటె అడిగేది.

తర్వాత ఎన్నో మిషన్లు చూశాను, ఇంతకన్నా పెద్ద చిక్కులే విప్పాను. కానీ పెరుగు గరిటె పట్టుకుని మెట్ల మీద పరిగెత్తిన ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ కాస్త కుళ్ళుగానే ఉంటుంది. అంత సంతోషంగా పరిగెత్తడం మళ్ళీ నాకు చేతకాలేదు.