పోపు ఘాటుకు మూతపడని కన్ను

ఆ ఉదయం పప్పుచారులో ఉప్పు చూద్దామని గరిటె నోటి దగ్గర పెట్టుకుని ఊదితే గాలి ఎడమవైపు నుంచి జారిపోయింది. మళ్లీ ఊదాను, మళ్లీ అంతే. గడ్డం మీదుగా చారు కారింది. తుడుచుకుని పనిలో పడ్డాను. వాట్సాప్‌లో మాకొక వంటల గ్రూపు ఉంది. కొందరం ఆడవాళ్లం రోజూ ఏం వండామో, ఎలా వండామో వీడియో తీసి చూపించుకుంటాం. ఎదురుపడి కలిసింది లేదు కానీ ఎవరింట్లో ఏ పూట ఏ కూరో అందరికీ తెలుసు.

వీడియో పెట్టిన కాసేపటికి గ్రూపులోని కాకినాడ సరళ గారు ఫోన్ చేశారు. చారు మెచ్చుకోవడానికేమో అనుకున్నాను.

"ఏంటండీ, మీ ఎడమ రెప్ప పడటం లేదు. నవ్వు కూడా ఒక పక్కకే వస్తోంది. ఒకసారి అద్దం చూసుకోండి."

చూసుకున్నాను. పక్షవాతమే అనుకున్నాను. అప్పటికే గ్రూపులో చిట్కాలు కుప్ప పడ్డాయి. వెల్లుల్లి నూనె ఒకరు, ఆవాల పట్టు ఒకరు, పసరు పోసే మనిషి ఊరు ఇంకొకరు. మా ఆయనకు ఆ పసరు మీదే గురి కుదిరింది, జనగామ దాకా పోయొద్దామని బండి తాళాలు తీశాడు. నేను మొండికేసి, మేముండే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరమని, అక్కడి హాస్పిటల్‌కే తీసుకెళ్లమన్నాను.

న్యూరాలజిస్ట్ నుదురు ముడవమన్నారు, బుగ్గలు ఉబ్బించమన్నారు, ఎంఆర్ఐ తీయించారు. రిపోర్టు వచ్చేదాకా నా కాళ్లు ఒక్కచోట నిలవలేదు.

"స్ట్రోక్ కాదమ్మా, బెల్స్ పాల్సీ. ఫేషియల్ నర్వ్, అంటే ముఖాన్ని కదిలించే నరం వాచింది. తొందరగా వచ్చారు, స్టెరాయిడ్స్ ఇవాళే మొదలుపెడదాం."

కంట్లో చుక్కలు వేసుకోమన్నారు, పడుకునేటప్పుడు రెప్పకు టేపు అంటించుకోమన్నారు. పొయ్యి జోలికి పోవద్దన్నారు. ఆ ఒక్కటే నా వల్ల కాలేదు. మందుల వల్లనో ఏమో ఒంట్లో కుదురే లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే అద్దం దగ్గరికే పోయేదాన్ని. మా ఆయన అద్దం తీసి బీరువాలో పెడితే స్టీలు పళ్లెంలో చూసుకున్నాను. గ్రూపులో అందరూ వండుతున్నారు, నేనే పనికిరాకుండా పోయానని ఉడికిపోయాను. చివరికి ముఖం పడకుండా ఫోను కడాయి మీదికి వంచి ఎండుమిర్చి పోపు పెట్టాను. ఘాటు లేచింది. కుడి కన్ను మూసుకుంది, ఎడమది తెరుచుకునే ఉంది. అమ్మో, ఆ మంట పగవాళ్లకు కూడా వద్దు. తట్టుకోలేక చేత్తో గట్టిగా నలిపేశాను.

కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర గీసుకుపోయిందని కళ్ల డాక్టరమ్మ తేల్చింది.

"ముఖం ఇయ్యాల కాకుంటే రేపు వస్తది. కన్ను పోతే ఎవరు తెస్తరు?"

ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఇంట్లోకి రాగానే మా ఆయన గరిటె చేతిలోకి తీసుకున్నాడు.

"ఇగ నేనే వండుత. నువ్వు దూరం కూసొని చెప్పు."

అప్పటి నుంచి ఆయన మాడ్చిన కూరలు, వెనక నుంచి నా తిట్లు గ్రూపుకు వెళ్లాయి. అందరూ పడీపడీ నవ్వారు. ముఖం చూపించమంటే మాత్రం మాట మార్చేదాన్ని. కన్ను మానింది. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు పెదవులు సున్నా చుట్టడం, విప్పడం నెలల తరబడి చేశాను. విసుగొచ్చి మధ్యలో మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు రెప్ప పడుతోంది, వంట నాదే. అలసిపోతే మాత్రం మూతి ఎడమ మూల ఇంకా జారుతుంది. గత వారం గ్రూపులో కొత్తగా చేరిన ఒకావిడ, తన భర్త మూతి పొద్దున్నుంచి వంకరగా ఉందని, పసరు ఎక్కడ పోస్తారని అడిగింది. స్టవ్ ఆపేసి ఆమెకు ఫోన్ చేశాను.

"నాది నరం వాపమ్మా. మీ ఆయనది స్ట్రోక్ సుత కావొచ్చు. ఏందో నాకు తెల్వదు, మీకు తెల్వదు. పసరు ముచ్చట ఇడిచిపెట్టి ఇప్పుడే హాస్పిటల్‌కు తీస్కపోండి."

ఊళ్లో చాలామందికి పసరుతోనే నయమైందని ఆమె నసిగింది. నేను వీడియో ఆన్ చేశాను. జారిన మూతితోనే, ఆమె కళ్లలోకి చూస్తూ అదే మాట మళ్లీ చెప్పాను. ఆటో పిలవమని ఆమె కొడుకును కేకేయడం వినిపించింది.