సంచీలో గోచి చీర

సైకిలు నాకు గోదావరి నేర్పింది. అంటే, సైకిలు మీది నుంచి పడటం నేర్పింది. మాది ధర్మపురి దగ్గర ఊరు, నాలుగెకరాల కంటే ఎక్కువే ఉన్న ఇల్లు. ఆ ఇంటి ఆడపిల్ల సైకిలెక్కితే ఊరు మునుగుతుందని మా బాపు నమ్మకం. ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి, ఆయన సైకిలునే నది దాకా తోసుకుపోయి, డండా కింది నుంచి ఒక కాలు దూర్చి కైంచి తొక్కేదాన్ని. కాస్త దూరం పోగానే ఇసుకలో బొక్కబోర్లా. ఇసుకలో పడితే నొప్పి ఉండదు. నొప్పి లేకపోతే బుద్ధెక్కడి నుంచి వస్తుంది? అట్లా తొక్కడం రాకుండానే నాకు ధైర్యం మాత్రం వచ్చేసింది.

ఆ ధైర్యంతోనే, ఎనభైల చివర్లో, ఆదిలాబాద్ జిల్లా కెరమెరి ఘాటు కింద ఒక ఊళ్ళో టీచరుగా ఉన్నప్పుడు, ఇద్దరు స్నేహితురాళ్ళ ముందు నోరు జారాను.

"సైకిలా? నాకెందుకు రాదే! గోదారి ఒడ్డుపొంటి తొక్కిన మనిషిని" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఒడ్డూ నిజమే, సైకిలూ నిజమే.

ఆ ఇద్దరిలో ఒకామె గవర్నమెంటు నర్సు. ఊరూరూ తిరిగి పిల్లలకు సూదిమందు వేయడం, కాన్పులు చూడటం ఆమె పని. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. రెండో ఆమె ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెను. పెన్‌గంగ ఒడ్డు మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు, గొంతు మాత్రం పూర్తిగా ఆమెదే. నన్ను 'బాయీ' అని పిలిచేది. వాళ్ళ దిక్కు పంతులమ్మలను అట్లాగే పిలుస్తారట. మా ముగ్గురివీ పక్కపక్క గదులు. ఒకరి పొయ్యి మీద కూర ఉడికితే ముగ్గురి పళ్ళేలూ అక్కడే ఉండేవి.

సైకిలు మాట ఎందుకొచ్చిందంటే, నర్సు కోసం. ఆమె మొగుడు మస్కట్‌లో ఉన్నాడు. రెండున్నరేళ్ళ బిడ్డను చూసుకునేవాళ్ళు లేక ఘాటు మీద, జైనూర్ తోవలో ఉన్న తన తల్లిగారింట్లో ఉంచింది. అటు పోయే బస్సు సాయంత్రం ఘాటెక్కి పొద్దున దిగేది. డ్యూటీ వేళకు అందేది కాదు. వాన పడితే అదీ ఉండదు. నెలకోసారి కూడా బిడ్డ మొహం చూడలేకపోతున్నానని ఆమె ముద్ద మింగకుండా కూర్చుంటే వార్డెను విసుక్కుంది.

"ఏడుస్తవేందే? సైకిల్ మీద పోదాం. ఐతారం పొద్దుగాల పోయి పొద్దుమూకే వరకు రావచ్చు. చలా!"

మూడు సైకిళ్ళు కుదిరాయి. వార్డెనుది లేడీస్ సైకిలు. ఆమె కూర్చుంటే అది మూలిగేది. మిగతా రెండూ షాపులో కిరాయికి తెచ్చిన డండా సైకిళ్ళు. మూడింటిలో ఒక్కదానికీ చైను కవరు లేదు. కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని బయలుదేరాం. మొదటి ఐతారమే నేను ఊరి చివరి కల్వర్టు దగ్గర గొడ్ల మంద మధ్యలో పడ్డాను. పాపం, గొడ్లు మర్యాదగా పక్కకు జరిగాయి.

"గోదారి ఒడ్డుపొంటి గిట్లనే తొక్కినవా బాయీ?" అంది వార్డెను.

అప్పటి నుంచి సంచీలో ఇంకో చీర పెట్టుకుని రమ్మని ఇద్దరూ నాకు హుకుం జారీ చేశారు. నేను పెట్టుకున్న చీర ఏదనుకున్నారు? ఉద్యోగానికి వచ్చేటప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, ఇచ్చిన నేత చీర. ముదురాకుపచ్చ, ఎర్ర అంచు, ఎనిమిది గజాలు. గోచి పోసి కట్టుకుంటే తప్ప ఒంటి మీద నిలవదు. మా అవ్వ పొలంలో, పొయ్యి దగ్గర, పెళ్ళిలో, చావులో అట్లాగే కట్టేది. నేనేమో ట్రైనింగైన పంతులమ్మను! గోచి పోసుకుని నలుగురిలో తిరుగుతానా? బురదైనా సరే, కుచ్చిళ్ళ చీరతోనే ఇంటికి వచ్చేదాన్ని. ఆ చీర ప్రతి ఐతారం నాతో ఘాటెక్కి, మడత విప్పకుండా దిగేది.

ఘాటు దగ్గర సైకిలు మమ్మల్ని మోయదు, మేమే దాన్ని మోయాలి. దిగి తోసుకుంటూ పోతుంటే కట్టెల మోపుతో ఎదురొచ్చిన ఒక ముసలాయన ఆగి అడిగాడు.

"సైకిల్ ఖరాబైందా బిడ్డా?"

"లేదు తాతా, సైకిల్ మంచిగనే ఉన్నది. మేమే ఖరాబైనం" అన్నాను, వగరుస్తూ. ఆయన నవ్వలేదు. నిజమే అన్నట్టు తలూపి పోయాడు.

మీదికెక్కాక మాత్రం, అబ్బ, ఏం చెప్పను! టేకు చెట్ల కింద కూర్చుని జొన్నరొట్టె, పల్లీల కారం తినేవాళ్ళం. ఆ తర్వాత తోవ ఎగుడుదిగుడుగా సాగేది. దిగుడు వచ్చినప్పుడు నర్సు పెడళ్ళ మీది నుంచి రెండు కాళ్ళూ ఎత్తేసి కేక పెట్టేది. ఆ వెనుక వార్డెను మరాఠీలో ఎవరినో తిడుతూ దిగేది. ఆఖర్న నేను, రెండు బ్రేకులూ పట్టుకుని, ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకుంటూ. ముప్పై ఏళ్ళు వచ్చాక ఆడుకోవడం మాకు అప్పుడే దొరికింది. ఒళ్ళు హూనమైనా సరే, శనివారం రాత్రికల్లా మళ్ళీ ఆ గాలి గుర్తొచ్చేది.

అంత కష్టపడి పోతే బిడ్డ ఏం చేసేదో చెప్పనా? తల్లిని చూడగానే గుక్కపట్టి ఏడ్చేది. ఉరికిపోయి అమ్మమ్మ కొంగులో మొహం దాచుకునేది. అమ్మమ్మనే అమ్మ అనుకుని 'అవ్వా' అని పిలిచేది. వార్డెను చంకెక్కేది, నా సైకిలు బెల్లు కొట్టేది, తల్లి చెయ్యి చాపితే మాత్రం ప్రాణం పోయినట్టు అరిచేది. నర్సు కాసేపు దూరంగా గడప మీద కూర్చుని, చల్ల తాగి, మళ్ళీ సైకిలెక్కేది. దిగుడులో కూడా కేక పెట్టేది కాదు.

నేను ఊరుకుంటానా? ట్రైనింగులో పిల్లల మనస్తత్వం మీద మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. బిస్కెట్లు తీసుకుపొమ్మన్నాను. పిల్ల బిస్కెట్లు నా చేతిలో నుంచి లాక్కుని, తింటూ ఏడ్చింది. నొక్కితే కూసే రబ్బరు బాతు కొనమన్నాను. బాతు, పిల్ల ఇద్దరూ కలిసి అరిచారు. వెనుక నుంచి మెల్లగా పోయి ఎత్తుకో అన్నాను. ఆ రోజు పిల్ల జడుసుకుంటే వాళ్ళ అమ్మమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. "ఇగ నీ సదువు చాలు బాయీ" అని వార్డెను దండం పెట్టింది.

వానలు మొదలయ్యాక ఒక శనివారం, అన్నాల దగ్గర నర్సు తల దించుకునే అంది.

"అక్కా, రేపు సుత నా బిడ్డ నా దగ్గరికి రాకుంటె సోమారం నౌకరి ఇడిచిపెడ్త. ఊరి పిల్లలందర్ని ఎత్తుకుంట, నా పిల్లనే నాకు రాకపాయె. గీ జీతం ఏం జేసుకోను?"

ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. వాళ్ళ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న మొదటి ఆడది ఆమే. అందుకే ఊరికి పోయినప్పుడల్లా డ్యూటీకి కట్టే తెల్లచీరే కట్టుకునేది, గంజి పెట్టి, మడతలు తేలేలా. మేం సైకిళ్ళెక్కకముందు, ఎండాకాలంలో ఆ ఊళ్ళో సూదుల క్యాంపు పెడితే తల్లులు పిల్లల్ని జొన్నసొప్ప వెనుక దాచారట. అప్పుడు ఈమె, "జూడుర్రి, ముందు నా బిడ్డకే ఇస్త" అని అందరి ఎదుట తన బిడ్డనే ఒళ్ళో పెట్టుకుని సూది వేసింది. అది చూసి మిగతా తల్లులు వరుసలోకి వచ్చారు. ఆ సంగతి ఆమె ఎంత గర్వంగా చెప్పుకునేదో! మేమూ అంతే గర్వంగా వినేవాళ్ళం.

మర్నాడు ఘాటు మీద దిగుడులో ముందు ఆమే ఉంది. ఆలోచనలో పడి కుచ్చిళ్ళు దోపుకోవడం మరిచినట్టుంది. చైను చీరను మింగింది. పర్రున శబ్దం. సైకిలు ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. తోవ పక్క ఎర్రనీళ్ళ గుంటలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. దెబ్బలేం తగల్లేదు. చీర మాత్రం సగం చైనులో, సగం బురదలో. పడటం మీద పేటెంటు నాదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. తీరా చూస్తే నేను నిలబడే ఉన్నాను.

"బిడ్డ ముందటికి గిట్ల పోవాల్నా?" అని ఆమె గుంటలోనే ఏడుపు మొదలుపెట్టింది.

"అగ్గబాయీ! బాయి సంచి ఉండంగ ఫికరెందుకే?" అని వార్డెను నా సంచి గుంజుకుని మా అవ్వ చీర బయటికి తీసింది. చెట్ల చాటుకు తీసుకుపోయి, "మా ఆయి గిట్లనే కడ్తది" అని వాళ్ళ అమ్మను తలుచుకుంటూ చకచకా చుట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి గోచి దోపింది. నేను చైనులోని గుడ్డ లాగేసేసరికి నర్సు బయటికి వచ్చి, కాలెత్తి డండా మీదుగా వేసి, మగవాడిలా ఎక్కింది. చైనుకు అందే గుడ్డ ఒక్క అంగుళం లేదు. చూస్తుండగానే మలుపు దాటిపోయింది. ఇన్ని ఐతారాలు మమ్మల్ని పడేసింది సైకిళ్ళు కావు, మా చదువుకున్న కుచ్చిళ్ళే. దానికి మందు నా సంచీలోనే ఉంది, నేను మోసుకు తిరిగాను.

మేం చేరేసరికి నర్సు వాకిట్లో సైకిలు నిలబెడుతోంది. బిడ్డ ఉసిరిచెట్టు కింద మట్టిలో ఆడుకుంటోంది. తలెత్తి చూసింది. నేను చెవులు మూసుకోబోయాను. పిల్ల ఏడవలేదు. లేచి, మట్టిచేతులతోనే నడిచివచ్చి, ఆ ఎర్ర అంచు పట్టుకుని, కింది నుంచి పైదాకా చూసి, రెండు చేతులూ మీదికి చాపింది.

నర్సు ఎత్తుకోలేదు. భయం. మా దిక్కు చూసింది.

"ఎత్తుకోవే!" అని వార్డెను గుసగుసగా అరిచింది. ఆమెకు గుసగుస చేతకాదు. కోళ్ళు బెదిరి పారిపోయాయి. పిల్ల మాత్రం తల్లి భుజం మీద తల పెట్టేసింది.

నర్సు వాళ్ళ అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "ఓయమ్మ! ఇన్నొద్దులు నిన్ను జూసి ఏడ్వలేదే పోరి. గా తెల్లచీరను జూసి ఏడ్చింది. సూది పొడిచింది గా చీరనే గదా!" అంది. నర్సు అది విని బిడ్డ జబ్బ మీద, ఎప్పుడో సూది దిగిన చోట, బొటనవేలితో రాస్తూ కూర్చుంది. ఆ పూటంతా ఒడిలో నుంచి దించలేదు. పిల్లల మనస్తత్వం తెలిసిన పండితురాలిని, నేను చల్ల తాగుతూ నోరు మూసుకున్నాను.

పొద్దు వాలుతుంటే బయలుదేరాం. పిల్లను అమ్మమ్మ ఎత్తుకుంది. మేం మలుపు దగ్గరికి వచ్చామో లేదో, వెనుక నుంచి ఏడుపు మొదలైంది. గుక్కపట్టి, ఊరంతా వినపడేలా. మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను. ఇంతలో మాట కూడా వినిపించింది. అమ్మమ్మ చంకలో ఉండే, తోవ దిక్కు తిరిగి, "అవ్వా! అవ్వా!" అని.

"ఏడుస్తున్నది అక్కా!" అని నర్సు అరిచింది. "నేను పోతున్ననని ఏడుస్తున్నదే!"

అది చూద్దామని నేను వెనక్కి తిరిగాను. అంతే, పొద్దున ఆమె పడ్డ ఎర్రనీళ్ళ గుంట లాంటిదే ఇంకోటి, అందులో సైకిలుతో సహా నేను. సంచీలో ఇక చీర కూడా లేదు. లేపడానికి ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. వార్డెను కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మా అవ్వ చీరలో నర్సు, డండాకు అటొక కాలు ఇటొక కాలు వేసి, తల అటే తిప్పి, ఆ ఏడుపు వినపడినంతసేపూ వింటూ నిలబడింది.