జపాన్ పిల్లి, పిండిలో గాజులు

పిల్లి ఎదురొస్తే మనవాళ్లు కాసేపు ఆగి, కాసిని మంచినీళ్లు తాగి బయల్దేరతారు. అదే పిల్లి పుస్తకంలోంచి ఎదురొస్తే ఏం చెయ్యాలో మా అమ్మ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే మస్కట్‌లో నా ఉద్యోగం, పరువు, ప్రాణం మూడూ ఒకే పూట పోయేంత పని అయ్యేది కాదు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. తాడేపల్లిగూడెం నుంచి వెళ్లి అల్ హైల్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తూ, ఐదేళ్ల మరియంని చూసుకునేదాన్ని. దాని మేనమామ జపాన్ నుంచి బొమ్మల కథల పుస్తకం తెచ్చాడు. అందులో మాట్లాడే పిల్లి. దాని నోటి పక్క బుడగల్లో జపాన్ అక్షరాలు. ఇంట్లో ఎవరికీ రావు.

"లచ్చీ, కథ చెప్పు" అంది పిల్ల. నేను దర్జాగా ఎడమవైపు అట్ట తెరిచాను.

"అటు కాదు, ఇటు!" అని మరియం కుడివైపు అట్ట లాగింది.

"ఊరుకో! టెన్త్ ప్యాసయ్యాను నేను. పుస్తకం ఎటు తెరవాలో నువ్వు చెప్తావా?" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

మొదటి బొమ్మలో పిల్లి గాజులు అవ్వ ముందు పెట్టి చేప తింటోంది. తర్వాత అవ్వ ఏడుస్తోంది. ఆ తర్వాత పిల్లి గాజుల్ని పిండి డబ్బాలో దూరుస్తోంది. ఆఖర్న అవ్వ గాజుల చేతులు ఊపుతూ నవ్వుతోంది. అక్షరాలు రాకపోతేనేం, నాకు నోరు లేదా?

"అవ్వా అవ్వా, ఏడవకు! గాజులు పిండిలో పెడతా, నీకు నవ్వొస్తుంది అంది పిల్లి. పెట్టింది. అవ్వ నవ్వేసింది!"

పిల్ల చప్పట్లు కొట్టింది. నేను మురిసిపోయాను. చూశారా, ఎంత తెలివో!

ఆ వారమే మరియం వాళ్లమ్మ, అదే మా మేడం, చెల్లెలికి పెళ్లయి ఎక్కడో దూరాన ఉన్న సలాలా వెళ్లిపోయింది. సాగనంపి వచ్చిన మేడం బంగారు గాజులు తీసి అద్దం ముందు పెట్టి, ఏడ్చి ఏడ్చి పడుకుంది. లేచేసరికి గాజులు లేవు.

"లక్ష్మీ, నా గాజులు చూశావా?"

"లేదు మేడం!"

ఆవిడ నా వైపు చూసింది, అంతే. ఆ గది ఊడ్చేది నేనొక్కదాన్నే. వంటింట్లోకి పారిపోయాను. వంటింటి గుమ్మంలో డ్రైవర్ మస్తాన్ భాయ్ నిలబడ్డాడు. ఆయనది కడప.

"సెల్లెమ్మా, పాస్‌పోర్టు యాడుండాది?"

"మేడం దగ్గరేనండి."

"అట్లయితే యాడికీ పోలేవు. జైల్లో తిండి మాత్రం బాగనే పెడతారంట."

"నేను తియ్యలేదండీ బాబూ!"

పని మానేస్తే అనుమానం ఇంకా పెరుగుతుందని, ఏడుస్తూనే రొట్టెలకి పిండి డబ్బాలో చెయ్యి పెట్టాను. చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. బయటికి లాగాను.

ఓరి నాయనో! మేడం గాజులు!

మళ్లీ లోపల పడేద్దామని వంగానో లేదో, మస్తాన్ భాయ్ వెనకే మేడం.

"లక్ష్మీ!"

"నేను కాదు మేడం! పిల్లి!"

"మన ఇంట్లో పిల్లి ఎక్కడుంది?"

"జపాన్ పిల్లి మేడం! మాట్లాడుతుంది!"

మస్తాన్ భాయ్ తల పట్టుకున్నాడు. "అయిపాయ. భయానికి మతి చెడింది."

పిల్లికి చెలగాటం, పనిమనిషికి ప్రాణసంకటం అంటే ఇదేనండి. ఇంతలో మరియం పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, గాజులు పిండిలో పెట్టానుగా, ఇంకా నవ్వవేం?"

మేడం పుస్తకం అందుకుని, అరబ్బీ పుస్తకం తెరిచినట్టే కుడివైపు నుంచి తెరిచింది. జపాన్ పుస్తకాలూ అటునుంచేనట. అవ్వ నవ్వుతోంది. పిల్లి గాజులు కొట్టేసి పిండిలో దాచింది. అవ్వ ఏడ్చింది. ఆఖరికి పిల్లి బుద్ధి తెచ్చుకుని, గాజులు తిరిగిచ్చి చేప తింది.

"లక్ష్మీ! ఇది దొంగ పిల్లి కథ! చివర్నుంచి మొదటికి చెప్పావా?"

మేడం కుర్చీలో కూలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వింది.

మరియం నా కొంగు లాగింది. "చూశావా లచ్చీ! అమ్మ నవ్వింది. పిల్లి నిజమే చెప్పింది!"

అందుకే గోధుమపిండి డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పిల్లి కథ తోక దగ్గర్నుంచి మొదలెట్టను. ఎవరు ఏ పుస్తకమిచ్చినా, పక్కనున్న ఐదేళ్ల పిల్లని అడిగి గానీ తెరవను.