మగపురుగు కింద చీటీ

తోమా నర్సీపట్నం కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. చదివింది టెన్తే గానీ, చూపు మాత్రం డేగ చూపు.

1997 వానల్లో బలిఘట్టం వైపు రాళ్లు తిరగేస్తుంటే, ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండ పురుగుని పొడిచి పీలుస్తున్న ఎర్రటి నల్లి ఒకటి దొరికింది. ఇలా వేటాడి చంపే నల్లుల్ని పుస్తకాల్లో అసాసిన్ బగ్స్ అంటారు. దీని బొమ్మ మాత్రం ల్యాబులో ఏ పుస్తకంలోనూ లేదు.

"రెక్కల్లేవు కదయ్యా, ఇంకా పిల్లపురుగు," అని కొట్టిపారేశారు లెక్చరర్ ఉమామహేశ్వరరావు గారు. తోమాకి ఒళ్లు మండింది. పచ్చడి సీసాలో మట్టి పోసి దాన్ని పెంచాడు. నెల తిరక్కుండా గుడ్లు పెట్టింది, అవి పిల్లలు కాకపోయినా. పిల్ల గుడ్లు పెడుతుందా మరి! సారు కళ్లద్దాలు సర్దుకున్నారు. మనిషి మంచివాడే, పురుగుల నమూనాలు దాచే మ్యూజియానికి ఉత్తరం ఆయనే రాశారు.

జవాబొచ్చింది: "కొత్త జాతి కావచ్చు. మగది పంపండి. దాన్నే ఆధారంగా దాస్తాం, పట్టినవారి పేరు అచ్చులో ముందుంటుంది."

అచ్చులో తన పేరు చూసుకోవాలని తోమా ప్రాణం కొట్టుకుపోయింది. రెండు వానాకాలాలు రాళ్లు తిరగేశాడు. దొరికినవన్నీ రెక్కల్లేని ఆడవే, మగది దొరకలేదు.

దొరికింది భార్య సువర్ణమ్మకి. చర్చి వరండా ఊడుస్తుంటే, ట్యూబులైటు కింద రాలిన పురుగుల్లో ఒకటి కదిలింది. అగ్గిపెట్టెలో వేసుకొచ్చింది.

"ఏటండీ, రంగు మీ పురుగుదే. దీనికి రెక్కలున్నాయి సూడండి."

సీసాలో వేస్తే, అది నేరుగా వెళ్లి ఆ ఏడు పట్టిన ఆడదానితో జతకట్టింది. మగది ఎగిరి దీపానికి వస్తుందని తనకి తట్టనే లేదు! తోమా తల బాదుకుని, ఆపైన పగలబడి నవ్వాడు.

మ్యూజియానికి పంపాలంటే మగపురుగుకి సూది గుచ్చి, కింద చీటీ పెట్టాలి. ఊరు, తేదీ, పట్టినవారి పేరు.

"నీ పేరే రాసేసుకో తోమా. కష్టమంతా నీదే కదా," అన్నారు సారు.

తోమా పెన్ను తీసి చీటీ మీదకి వంగాడు. రాశాక, ఎవరికీ చూపించకుండా డబ్బా మూసేశాడు.

2001లో ఆ మ్యూజియం పత్రిక వచ్చింది. కొత్త జాతే! సారు క్లాసులో గొంతెత్తి చదివారు: ఆధార నమూనా, మగది, నర్సీపట్నం, సేకరణ కె. సువర్ణమ్మ. తోమా పేరు ఆ కింద, ఆడపురుగుల దగ్గర, చిన్నక్షరాల్లో ఉంది.

"ఊడిసినదాన్ని, నా పేరేటండీ?" అంది సువర్ణమ్మ కంగారుగా.

"పట్టింది నువ్వు. సీటీ మీద అబద్దం రాస్తే ఆ పురుగు ఇంకెందుకూ పనికిరాదు."

ఆ పేజీకి ఫ్రేము కట్టించి పెళ్లి ఫొటో పక్కన తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా, తోమా ముందు వేలు పెట్టి చూపించేది ఆవిడ పేరునే.