కెప్టెన్ గారి పెట్టెల బండి

కళ్ళద్దాల దుకాణం నడిపే ఆ పెద్దమనిషిని అందరూ కెప్టెన్ అనేవారు. ఆయన సైన్యంలో చేరలేదు, ఓడ ఎక్కలేదు, చదువుకునే రోజుల్లో ఏ ఆటల జట్టుకీ నాయకుడు కాలేదు. బైకులవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టి, తన పేరు ముందు ఆ ముక్క తానే తగిలించుకున్నారు. జనానిదేం పోయింది, పిలిచారు.

నలభై దాటాక ఆయన మనసు సాహసం మీదికి మళ్ళింది. రోజంతా చీకటిగదిలో కూర్చుని, అద్దాలు మార్చి మార్చి "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడిగే మనిషికి కొండలూ లోయలూ కలలోకి రావడం తప్పేమీ కాదు. తారురోడ్డు మీదా రాళ్ళబాట మీదా ఒకేలా పోగల బండి కొన్నారు. బండి మంచిదే. కాకపోతే పొడుగుకాళ్ళవాళ్ళ కోసం చేసింది. కెప్టెన్ ఎక్కాలంటే దాన్ని దుకాణం మెట్టు పక్కకి తెచ్చుకోవాలి. దిగాలంటే మరో మెట్టు వెతుక్కోవాలి.

ఇక సింగారం మొదలైంది. అడుగున రాళ్ళు తగలకుండా ఇంజను కింద దళసరి పలక, పడితే దెబ్బ తినకుండా దాని చుట్టూ ఇనుప కమ్మీలు, కొమ్మలు గీరుకోకుండా హ్యాండిల్‌కి అటూ ఇటూ డాళ్ళు. ఆ తర్వాత అదనపు లైట్లు. వాటిని మొదటిసారి వెలిగించిన సాయంత్రం ఎదురింటావిడ తెల్లారిందనుకుని కాదు గానీ, ఏదో కాలిపోతోందనుకుని బకెట్టుతో బయటికొచ్చింది. చివరగా అల్యూమినియం పెట్టెలు వచ్చాయి, రెండు పక్కలా రెండు, వెనక ఒకటి. వాటిని బిగించాక బండి గేటులోంచి పట్టలేదు.

"పెట్టెలు విప్పి బయటికి తీయండి, మళ్ళీ బిగించుకోవచ్చు," అంది భార్య. ఆమె బడిలో లెక్కల టీచరు. ఏ చిక్కుకైనా దగ్గరి దారి చూస్తుంది.

"దారిలో అడ్డం వచ్చిందల్లా విప్పుకుంటూ పోతే అది సాహసమెలా అవుతుంది?" అని కెప్టెన్ మేస్త్రీని పిలిపించి గేటు స్తంభం కొట్టించారు.

వెనక పెట్టె కోసం వెనక సీటు కూడా తీసేశారు. భార్య చుట్టూ తిరిగి చూసింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?"

"నువ్వెందుకు? అక్కడ గుడారం వస్తుంది."

ఆమె మర్నాటి నుంచి ఉతికిన బట్టలు ఆ ఇనుప కమ్మీల మీద ఆరేయడం మొదలుపెట్టింది.

ప్రతి ఆదివారం గ్రూపువాళ్ళంతా మోకాళ్ళకి కవచాలు కట్టుకుని, ఊరి చివర టీ కొట్టు దాకా దండయాత్రకి వెళ్ళేవారు. అక్కడ కెప్టెన్ బండి సంరక్షణ గురించి ఉపన్యాసమిచ్చేవారు. మట్టిబాట ఎక్కేముందు టైర్లలో గాలి తగ్గించాలి. దుమ్ములో తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ కడగాలి. "చెయిన్‌ని పసిబిడ్డలా చూసుకోవాలి. నూనె తగలని చెయిన్ నమ్మకద్రోహి," అనేవారు. ఆయన చెయిన్ మాత్రం పెట్టె చాటున తుప్పు పట్టి, తాడులా వేలాడుతుండేది. నూనె పెడితే చేతులకి మరకలవుతాయి కదా. పైన లైట్లు తుడవడానికి మాత్రం కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డే వాడేవారు. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టుండేది యవ్వారం.

ఒక ఆదివారం గ్రూపులోకి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. ఉపన్యాసమంతా శ్రద్ధగా విని, టీ గ్లాసు కింద పెట్టి అడిగింది:

"కెప్టెన్ గారూ, ఈ బండి మీద ఇప్పటిదాకా ఎక్కడెక్కడికి వెళ్ళారు?"

ఆమె వెటకారానికి అడగలేదు. అదే వచ్చిన తంటా. ఎవరో దగ్గారు. ఇంకెవరో తన షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం కొండల అవతల చెరువుకి వెళుతున్నాను," అన్నారు కెప్టెన్, తన మాట తనకే కొత్తగా వినిపిస్తుండగా. "ఒంటరిగా."

ఇంటికొచ్చి చెబితే భార్య తానూ వస్తానంది.

"చోటు లేదని నీకు తెలుసుగా."

"బండి మీద అక్కర్లేదు. అక్కడికి బస్సుంది."

సాహసయాత్ర చేయబోయే చోటికి బస్సు ఉండటం కెప్టెన్‌కి బొత్తిగా నచ్చలేదు. ఆ సంగతి గ్రూపులో చెప్పొద్దని మాత్రం అడిగారు.

ఆదివారం పొద్దున్నే నిండా కవచాలతో కదిలారు. పెద్దరోడ్డు మీద గాలి పక్క నుంచి కొడుతుంటే పెట్టెలు ఆయన్నొక వైపు, బండినొక వైపు లాగాయి. అయినా పాట పాడుకున్నారు. కొండ పక్క మట్టిదారిలోకి మళ్ళాక, ఒక మలుపు దగ్గర బాతుల గుంపు అడ్డం వచ్చింది. కెప్టెన్ మర్యాదగా బండి ఆపి కాలు కింద పెట్టబోయారు. అక్కడ మెట్టు లేదు. కాలికి నేల అందేలోపే బండి పక్కకి వాలింది. ఆయన చివరిదాకా దాన్ని ఆపాలనే చూశారు. చివరికి ఇద్దరూ కలిసే ఇసకలో పడుకున్నారు. బాతులు తమ దారిన తాము పోయాయి.

పడిన బండిని లేపే ఉపాయం ఆయన ఎందరికో నేర్పారు. బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో లేవాలి. అలాగే లేచారు. బండి లేవలేదు. పెట్టెలు విప్పబోతే కిందిది సొట్టపడి తాళం తెరుచుకోలేదు. చెయిన్ పళ్ళ మీంచి జారి ఇరుక్కుపోయింది. దాన్ని సరిచేయాలంటే వెనక చక్రం నట్టు వదులు చేయాలి. పనిముట్ల సంచీ విప్పారు. దిక్సూచి, చిన్న గొడ్డలి, చేప గాలం, నిప్పు రాజేసే రాయి, పట్టకారు, అన్నీ ఉన్నాయి. ఆ నట్టుకి సరిపోయే స్పానర్ లేదు. దాన్నెప్పుడైనా విప్పి ఉంటే కదా, కావాలని తెలిసేది.

చెట్టు కింద కూర్చున్నారు. ఇన్నాళ్ళూ తాను చెప్పిందంతా ఎక్కడో చదివిందేనని ఆయనకి తెలియకపోలేదు. కానీ ఈ సంగతి బండికి కూడా తెలిసిపోయినట్టు అనిపించి సిగ్గేసింది.

అంతలో బస్సు వచ్చి ఆగింది. కిటికీ పక్క సీట్లో భార్య బత్తాయి తొనలు ఒలుచుకుంటోంది. ముందు బండిని, ఆ తర్వాత ఆయన్ని చూసింది.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు. కాసేపు విశ్రాంతి తీసుకుంటున్నాను."

"బండి కూడానా?"

ప్రయాణికులు దిగి, తలో చెయ్యీ వేసి బండిని లేపి, పక్కనున్న పంపుసెట్టు గది దాకా ఈడ్చారు. ఊడివచ్చిన రెండు పెట్టెలూ బస్సెక్కాయి. కవచాలతో సీట్లో వంగలేక కెప్టెన్ నిలబడే వెళ్ళారు. చెరువు చాలా బాగుంది. భార్య చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. రమ్మని ఆయన్నీ పిలిచింది. బూట్ల బకిల్సు విప్పడం పెద్ద పనని ఆయన గట్టునే ఉండిపోయి, హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒక ఫొటో తీయమన్నారు. ఆమె తీసింది. బస్సు పడకుండా తీయడం మాత్రం కుదరలేదు.

మర్నాడు మెకానిక్కు బండిని ఊళ్ళోకి చేర్చాడు. కెప్టెన్ వారం రోజులు గ్రూపులో నోరు విప్పలేదు. ఎనిమిదో రోజున కొత్త ఉపన్యాసం మొదలైంది: బరువే రైడరుకి శత్రువు. పెట్టెలు అటకెక్కాయి, లైట్లు ఊడాయి. బరువు తగ్గించాలని దువ్వెన సగానికి విరిచారు, టూత్‌బ్రష్ పిడి కోశారు. చెయిన్‌కి మాత్రం నూనె పెడుతున్నారు, చేతికి తొడుగు వేసుకుని. వంటింట్లో పిండి తూచే త్రాసు ఇప్పుడు ఆయన బల్ల మీదే ఉంటుంది.

"సీటు మళ్ళీ వేయించాను," అన్నారు ఒకరోజు భార్యతో, కాస్త బింకంగానే. "ఈసారి కలిసి వెళదాం."

"ఎప్పుడు?"

"ఇంకా కొంచెం బరువు తగ్గాలి. చూస్తున్నాను."

"సరే, తూస్తూ ఉండండి," అని ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. గేటు దగ్గర డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. కొండల అవతల చెరువుకి పైన ఒక జలపాతం కూడా ఉందట. మొదటి బస్సు అందుకుంటే ఎండెక్కకముందే చేరిపోవచ్చట.